జుట్టుతో ఉన్న చిట్టి

మా తమ్ముడి కూతురు వాళ్ళు ఉండేది మధురవాడలో. వాళ్ళ పాప చిట్టికి ఇప్పుడు మూడో ఏడు. పుట్టువెంట్రుకలు సింహాచలం అప్పన్నకే ఇస్తామని మొక్కు. చందనోత్సవం రద్దీ తగ్గాక, మే నెలలో ఒక గురువారం కొండకి వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చారు. ఆ రాత్రే నాకు ఫోను.

"పెదనాన్నా, గుండు మీద గంధంతో ఉంటే ఎవరి పిల్లో అన్నట్టుంది. మొక్కు మొక్కే, కాదనను. కానీ ఆ ఉంగరాల జుట్టు మళ్ళీ అలాగే వస్తుందో రాదో. జుట్టుతో ఉన్న చిట్టిని ఒక బొమ్మ వేసిపెట్టవా?" అంది. ఫోను పెట్టేసిన పది నిమిషాలకి వాట్సాప్‌లో 43 ఫొటోలు వచ్చి పడ్డాయి.

నేను స్టీల్ ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో 36 ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. నా చెయ్యి అలవాటు పడింది గీతకి. అంచుకి 0.5 పెన్ను, కొలత గీతకి 0.25 పెన్ను. గీత మందం మారితే అర్థమే మారిపోయే పని అది. రిటైరయ్యాక సాఫ్ట్ పాస్టల్స్ అనే రంగు కడ్డీలు పట్టుకున్నాను. భీమిలి తీరం, డాల్ఫిన్స్ నోస్, మా పెరట్లో మందారం వేశాను. మనుషుల్ని కూడా కొద్దిమందిని వేశాను, అందరూ నా వయసువాళ్ళే. ముడతలున్న ముఖం గీతలకి లొంగుతుంది. మూడేళ్ళ పిల్ల ముఖంలో గీత అనేదే లేదు. అందుకని ఒప్పుకోడానికి రెండు రోజులు ఆలోచించాను.

ముందు ఫొటోల సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది. పెద్దది చేసి చూస్తే కంటి దగ్గర గళ్ళు తప్ప కన్ను కనపడదు. "అమ్మా, డాక్యుమెంటుగా పంపు" అని అడిగి మళ్ళీ తెప్పించుకున్నాను. తర్వాత ఒక్కోటీ చూస్తూ పక్కన పెట్టడం మొదలుపెట్టాను. పుట్టినరోజు కేకు దగ్గర తీసినవన్నీ ఫ్లాష్‌వి. ఫ్లాష్ ఎదురుగా కొడితే ముక్కుకీ బుగ్గకీ మధ్య ఉండే మెత్తటి నీడ పోయి ముఖం పళ్ళెంలా అయిపోతుంది. స్టూడియోలో తీయించినది చూడ్డానికి బాగుంది, కానీ చర్మాన్ని తెల్లగా నున్నగా దిద్దేశారు. అందులో ఉన్నది చిట్టి చర్మం కాదు. చేతిలో ఫోను పట్టుకుని దగ్గరగా తీసినవాటిలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయాయి. ఫోన్ కెమెరా అడుగు దూరంలో ఉంటే ఎవరి ముఖమైనా అంతే. కనీసం రెండు మీటర్లు వెనక్కి జరిగి, కొంచెం జూమ్ చేసి తీస్తేనే ముఖం ముఖంలా వస్తుంది.

ఒక విచిత్రం కూడా కనిపెట్టాను. వాళ్ళమ్మ చిట్టికి దిష్టిచుక్క ఎప్పుడూ ఎడమ బుగ్గ మీదే పెడుతుంది. కొన్ని ఫొటోల్లో అది కుడి బుగ్గ మీద ఉంది. ముందు తికమకపడ్డాను. తర్వాత తెలిసింది, అవన్నీ సెల్ఫీలు. ఆ ఫోను అద్దంలో చూసినట్టు తిప్పేసి దాచుకుంటోంది. దిష్టిచుక్క లేకపోతే ఆ తేడా నాకు తెలిసేదే కాదు. మనిషి ముఖం రెండు వైపులా ఒకలా ఉండదు. చిట్టికి నవ్వితే కుడివైపు పెదవి ముందు లేస్తుంది. తిరగబడ్డ ఫొటో చూసి వేస్తే ఆ నవ్వు వాళ్ళమ్మకి కొత్తగా కనిపించేది, ఎందుకో మాత్రం చెప్పలేకపోయేది.

చివరికి ఒకటి మిగిలింది. సాయంత్రం పూట, బాల్కనీ తలుపు దగ్గర పసుపు గౌనులో నిలబడి, చేతిలో సగం కొరికిన జామకాయతో పక్కకి చూస్తోంది. వెలుగు ఎడమవైపు నుంచి వస్తోంది. కొంచెం కదిలినట్టుంది, మిగతావాటి అంత స్పష్టంగా లేదు. అయినా ఆ ఫొటోలో పిల్ల తనలో తాను ఉంది, కెమెరా కోసం లేదు. నవ్వమంటే నవ్విన నవ్వు ఫొటోలో రెండు సెకన్లు బాగుంటుంది. గోడ మీద ఏళ్ళ తరబడి అదే నవ్వు చూడటం కష్టం. పైగా నోరు తెరిచి నవ్వితే పళ్ళొకటి. ఒక్కో పన్నూ విడిగా వేశామంటే ముఖమంతా పోయి పళ్ళే మిగులుతాయి.

ద్వారకానగర్‌లో ఆ ఒక్క ఫొటోనే మూడు రకాలుగా ఎ4 సైజులో ప్రింటు తీయించాను. ఒకటి మామూలుగా, ఒకటి నీడల్లో ఏముందో తెలిసేలా వెలుగు పెంచి, ఒకటి బ్లాక్ అండ్ వైట్‌లో. రంగు మనల్ని మోసం చేస్తుంది, ఎక్కడ ఎంత చీకటో బ్లాక్ అండ్ వైటే చెప్తుంది.

పాస్టల్ అంటే చాలామంది స్కూలు పిల్లలు వాడే ఆయిల్ పాస్టల్స్ అనుకుంటారు. అవి నూనె, మైనంతో చేసినవి. ఇవి వేరు. రంగు పొడి, సుద్ద, కాస్తంత బంక కలిపి చేసిన కడ్డీలు. బంక చాలా తక్కువ కాబట్టి కాగితం మీద రంగు పొడిగానే నిలుస్తుంది. ఆ రేణువుల మీద వెలుగు పడి చెదిరినప్పుడు వచ్చే మెత్తదనం నీటిరంగులోనూ రాదు, నూనెరంగులోనూ రాదు. అందుకే పసిపిల్లల చర్మానికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. కాన్సన్ మి-తెంత్ అనే కాగితం ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను. దానికి ఒకవైపు తేనెపట్టులాంటి గరుకు, రెండోవైపు సన్నటి గరుకు. పిల్లల ముఖానికి సన్నవైపే వాడాలి. తేనెపట్టువైపు వేస్తే బుగ్గ మీద చుక్కలు చుక్కలుగా తేలుతుంది. తెల్ల కాగితం కాకుండా మట్టిరంగుది తీసుకున్నాను.

మొదటి బొమ్మ వారం రోజులు పట్టింది. ప్రింటు మీద సెంటీమీటరు గళ్ళు, కాగితం మీద రెండు సెంటీమీటర్ల గళ్ళు కొట్టి కొలతలు దించాను. పూర్తయ్యాక మా ఆవిణ్ణి పిలిచాను. కాసేపు చూసింది.

"ఇదేటండీ, చిట్టిలా లేదు. చిట్టికి అక్కలా ఉంది" అంది.

నిజమే. కొలతలు అన్నీ సరిపోయాయి, అయినా పిల్ల వయసు ఆరేడేళ్ళు పెరిగింది. రెండు రోజులు ప్రింటు పక్కన బొమ్మ పెట్టుకుని వెతికాను. తప్పంతా గీతలో ఉంది. పెదవుల మధ్య ఒక ముదురు గీత, కనురెప్ప మీద ఒక గీత, ముక్కు పక్కన ఒక గీత. ఒక్కో గీతా పిల్లకి ఏడాది వయసు పెంచింది. ఇంకోటి, పెద్దవాళ్ళ తలలో కళ్ళు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. పిల్లల్లో సగానికి కిందకి ఉంటాయి, పైనంతా నుదురే. గళ్ళలో అది సరిగానే వచ్చింది. కానీ రంగు వేస్తూ వేస్తూ నా చెయ్యి తెలియకుండానే నుదురు తగ్గించి, గడ్డం పెంచుకుంటూ పోయింది. ఇన్నేళ్ళూ పెద్దవాళ్ళ ముఖాలే వేసిన చెయ్యి కదా. కంటి నల్లగుడ్డు కూడా అంతే. పుట్టినప్పుడే అది దాదాపు పెద్దవాళ్ళ సైజుకి దగ్గరగా ఉంటుంది, మిగతా ముఖమే తర్వాత పెరుగుతుంది. అందుకే పిల్లల కళ్ళల్లో తెలుపు తక్కువ, నలుపు ఎక్కువ. నేను నల్లగుడ్డు చిన్నది వేసి చుట్టూ తెలుపు చూపించాను. అక్కలా ఉండదా మరి.

రెండో బొమ్మలో ఆ తప్పులు దిద్దుకున్నాను, కొత్త తప్పు చేశాను. జామకాయ ఫొటోలో జుట్టు కొంత వెనక్కి కట్టేసి ఉంది. వాళ్ళమ్మకి కావలసింది ఉంగరాల జుట్టు. సంక్రాంతికి తలంటు పోసి జుట్టు ఆరబెట్టినప్పటి ఫొటో ఒకటి ఉంది, ఉంగరాలన్నీ భుజాల మీద విడిపోయి. జుట్టు అందులోంచి, ముఖం ఇందులోంచి తీసుకున్నాను. నవ్వు కూడా కొంచెం ఉంటే బాగుంటుందనిపించి మూడో ఫొటోలోంచి పెదవి చివర తెచ్చాను. పూర్తయ్యాక దేనికది చక్కగా ఉంది. మొత్తంగా చూస్తే మాత్రం అలాంటి పిల్ల ఎక్కడా లేదు.

డ్రాయింగ్ ఆఫీసులో చేరిన కొత్తలో మాకు నేర్పే మొదటి పాఠం ఇదే. ఒక భాగాన్ని ఎదురుగా, పైనుంచి, పక్కనుంచి మూడు చూపుల్లో గీస్తాం. మూడూ ఒకే వస్తువువి కావాలి. ఒక చూపులో ఉన్న రంధ్రం మరో చూపులో లేకపోతే ఆ డ్రాయింగ్ వర్క్‌షాపు నుంచి తిరిగొస్తుంది. ఇక్కడ నేను చేసింది అచ్చం అలాంటి తప్పే. సంక్రాంతి ఫొటోలో ఎండ కుడివైపు నుంచి ఉంది, జామకాయ ఫొటోలో వెలుగు ఎడమవైపు నుంచి. పైగా రెంటికీ మధ్య మూడు నెలలు తేడా. మూడు నెలల్లో ఆ వయసు పిల్లకి బుగ్గ ఎంతో తీస్తుంది. జనవరి జుట్టు, ఏప్రిల్ బుగ్గలు, ఎప్పటిదో నవ్వు.

ఆ రాత్రి మా అమ్మాయి చిన్నప్పటి ఫొటోలు తీసి చూశాను. ఫొటోలంటే రెండే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేము ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. కిటికీ అద్దం పగిలి, రాత్రికి బీరువా పైన ఉన్న ఆల్బమ్ మొత్తం తడిసి ముద్దయింది. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తుంటే రంగంతా ప్లాస్టిక్‌తోపాటు లేచి వచ్చేసింది. మిగిలిన రెంటిలో ఒకటి తనకి మూడేళ్ళప్పటిది. గౌనుకి పైబొత్తాం లేదు, పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిన్నీసు వల్ల నాకు ఆ రోజంతా గుర్తుంది. గాజువాకలో బస్సు దిగడం, బొత్తాం ఊడటం, వాళ్ళమ్మ గాజులకున్న పిన్నీసు తీసి పెట్టడం. మిగతా రోజులన్నీ కలిసిపోయాయి, ఈ ఒక్క రోజు మాత్రం విడిగా నిలబడింది. ఫొటో దాచేది ఆ ఒక్క రోజునే. బొమ్మ కూడా ఒక్క రోజునే పట్టుకోవాలనిపించింది. జామకాయ రోజు. జుట్టు ఎలా కట్టి ఉంటే అలాగే, ముడి లోంచి తప్పించుకుని చెవి దగ్గర వేలాడే రెండు ఉంగరాలతో. మిగిలిన 42 ఫొటోలు అనుమానం వచ్చినప్పుడు అడగడానికి మాత్రమే.

ఫొటోలు చెప్పలేనివి కూడా ఉంటాయి, అవి పిల్లనే అడగాలి. ఆదివారం మధురవాడ వెళ్ళాను. గుండు మీద అప్పుడే నువ్వుగింజంత జుట్టు మొలుస్తోంది. ఫోను జేబులోంచి తియ్యలేదు. సాయంత్రం నాలుగు దాటాక అదే బాల్కనీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా మరదలు, అంటే చిట్టి అమ్మమ్మ, అదే పసుపు గౌను తొడిగింది. చిట్టి అక్కడ ఎంతసేపు నిలబడుతుంది! వస్తుంది, పోతుంది, నా కళ్ళద్దాలు లాగుతుంది. ఆ మధ్యలో దొరికిన నిమిషాల్లో చూసుకున్నవి చిన్న పుస్తకంలో రాసుకున్నాను.

ఫొటోలో గడ్డం కింద నీడ నల్లగా ఉంది. నిజంగా అక్కడ నలుపు లేదు, గౌను పసుపు పైకి తన్ని ఆ నీడంతా పండిన ఈతపండు రంగులో ఉంది. చెవి వెనక నుంచి వెలుగు పడినప్పుడు చెవి అంచు దానిమ్మగింజలా ఎర్రబడుతోంది. ఫొటోలో అదే చెవి గోధుమరంగు ముక్క. కంటిలో తెలుపు తెల్లగా లేదు, పాలల్లో ఒక్క చుక్క నీలం కలిపినట్టుంది. పై రెప్ప నీడ ఆ తెలుపు మీద సన్నగా పడుతోంది. ఆ నీడ వేయకపోతే కళ్ళు గుచ్చిచూస్తున్నట్టు ఉంటాయి.

ఆ నీలం చూడగలిగానంటే నిరుడు చేయించుకున్న శుక్లాల ఆపరేషన్ చలవే. రెండు కళ్ళకీ మధ్య కొన్ని వారాలు వ్యవధి ఇచ్చారు. ఆ వారాల్లో ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూస్తే, పాత కంటికి లోకమంతా టీ రంగు, కొత్త కంటికి రామకృష్ణా బీచ్‌లో సముద్రం ఎన్నేళ్ళకో నీలంగా కనపడింది. ఫ్రాన్సు చిత్రకారుడు షార్దాన్ నూనెరంగులు కళ్ళకి పడక ముసలితనంలో పాస్టల్ పట్టుకున్నాడు. 1771లో, డెబ్బై దాటాక, కళ్ళద్దాలతో తన బొమ్మ తాను వేసుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నేను ప్రింటులోనే చూశాను. అంతకు ముందే, 1720లో, వెనిస్ నుంచి ప్యారిస్ వెళ్ళిన రొసాల్బా కరియేరా అనే ఆవిడ పదేళ్ళ రాజు పదిహేనో లూయీని పాస్టల్‌లో వేసింది. ఫొటోలు లేని కాలం, పిల్లాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి వెయ్యాల్సిందే. పాస్టల్ ఆరేదాకా ఆగక్కర్లేదు, ఆపినచోట మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నిలవని పిల్లలకి అది ఎంత వీలో మధురవాడ నుంచి వచ్చాక నాకు బాగా తెలిసింది.

నేను లేవబోతుంటే మరదలు వచ్చి మెల్లగా అంది, "బావగారూ, ఒక్క మాట. కాస్త తెల్లగా వెయ్యండి. గోడ మీద ఉంటుంది కదా, పదిమందీ చూస్తారు."

ఆవిడకి మనవరాలంటే ప్రాణం, ప్రేమతోనే అడిగింది. "లేదమ్మా, చిట్టి రంగే వేస్తాను. వేశాక నచ్చకపోతే అప్పుడు చెప్పు" అన్నాను. చామనఛాయ వేయడం ఎంత అందమైన పనో వేసినవాళ్ళకే తెలుస్తుంది. అడుగున వంకాయ రంగు, నీడల్లో కాస్త ఆకుపచ్చ, దాని మీద ఇటుక రంగు, పైన పసుపు మట్టిరంగు. ఒకదాని సందుల్లోంచి ఒకటి కనపడుతూ ఉంటుంది. నుదుటి మీద, ముక్కు కొన మీద మెరుపు తెలుపు కాదు, ఆకాశం రంగు. ముదురు చర్మం మీద ఆకాశం దిగినంత చక్కగా తెల్ల చర్మం మీద దిగదు. తెల్లగా దిద్దామా, ఆ పొరలన్నీ పోయి సున్నం కొట్టిన గోడ మిగులుతుంది. ఆ పిల్ల రేపు పెద్దయ్యాక తన బొమ్మ చూసుకుని, తన రంగు దిద్దాల్సిన తప్పు అనుకోకూడదు. ఈ మాట నేను చాలా గట్టిగా అనుకున్నాను.

మూడో బొమ్మ జూన్ మొదటి వారంలో మొదలుపెట్టాను. విశాఖ ఉక్కపోత తెలిసిందే. ఫ్యాను వేస్తే పాస్టల్ పొడి ఇల్లంతా లేస్తుంది, కట్టేస్తే చెమట కారుతుంది. అందుకని తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది వరకే కూర్చునేవాణ్ణి. ముక్కుకి మాస్కు, బోర్డు కాస్త ముందుకి వంచి, కింద తడిగుడ్డ. బోర్డు వంగి ఉంటే పొడి బొమ్మ మీద కాకుండా గుడ్డలో పడుతుంది. పొడిని నోటితో ఊదకూడదు, వెనకనుంచి వేలితో తట్టాలి. నాలుగోరోజు నా గడ్డం నుంచి ఒక చెమటచుక్క జారి సరిగ్గా కుడి బుగ్గ మీద పడింది. పైసా బిళ్ళంత మచ్చ. గుండె ఆగినంత పనైంది. ముట్టుకోకుండా రోజంతా ఆరనిచ్చి, మర్నాడు పిండిలా నలిగే రబ్బరుతో మచ్చ మీది రంగు అద్ది తీసి, మళ్ళీ పొరలు వేశాను. ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ కనపడదు.

ఈసారి గీత ముట్టలేదు. కడ్డీని చిన్న ముక్కలు చేసి, పక్కవాటుగా పట్టి, మచ్చలుగా వేసుకుంటూ వచ్చాను. పెదవుల మధ్య గీత బదులు రెండు చివర్లలో మాత్రం కాస్త నీడ, మధ్యలో ఏమీ లేదు. వేలితో పులమడం బాగా తగ్గించాను. పులిమేకొద్దీ రేణువులు అణిగిపోయి రంగు చచ్చిపోతుంది. బుగ్గ తిరిగే చోట మాత్రం చిటికెన వేలితో ఒక్కసారి. ఉంగరాలని వెంట్రుక వెంట్రుకగా కాక ముద్దలుగా వేసి, వెలుగు తగిలే వంపులో తేనె రంగు, ఇవతలి వంపులో నీలం పెట్టాను. కణత దగ్గర చర్మమో జుట్టో తెలియని నూగు ఉంటుంది పిల్లలకి. అక్కడ ఒక ఉదయమంతా గడిపాను. చివరి రోజు రెండు కళ్ళల్లో చెరో వెలుగు చుక్క. బాల్కనీ తలుపు ఒకటే కాబట్టి చుక్క ఒకటే, రెండు కళ్ళల్లోనూ ఒకేవైపు. ఆ చుక్క పడిన క్షణంలో కాగితం మీంచి చిట్టి పక్కకి చూసింది.

పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే అడుగు పొరలకి మాత్రమే కొట్టాను. పైపొరకి కొడితే లేతరంగులు ముదిరిపోతాయి. ఫ్రేము దగ్గర మాత్రం ఎవరినీ నమ్మను. రెండేళ్ళ క్రితం నా భీమిలి బొమ్మ కట్టడానికి ఇస్తే, ఒక కుర్రాడు దుమ్ము ఉందనుకుని బొమ్మనే గుడ్డతో తుడిచేశాడు. అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు బటర్ పేపరు కప్పి తీసుకెళ్ళి, పక్కనే నిలబడి కట్టించుకుంటాను. అద్దానికీ బొమ్మకీ మధ్య మందపాటి మౌంటు బోర్డు ఉండాల్సిందే. అద్దం తగిలితే రంగు దానికి అంటుకుంటుంది, మన సముద్రపు గాలికి లోపల చెమ్మ చేరి బూజు కూడా పడుతుంది. అద్దం బదులు ప్లాస్టిక్ షీటు వద్దు, అది తుడిచినప్పుడల్లా పొడిని తన వైపు లాక్కుంటుంది. పడమటి ఎండ పడని గోడకి తగిలించమని చిట్టి వాళ్ళమ్మకి మరీ మరీ చెప్పాను.

మరదలు బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. రంగు మాట ఎత్తలేదు. "ఆ జామకాయ సగంలో పారేసింది బావగారూ, ఆవేళ నేనే తుడిచాను" అంది.

కట్టించే ముందు బోర్డు వెనక, కుడివైపు కింద, ఆఫీసులో ప్రతి డ్రాయింగుకీ గీసినట్టే గడి గీశాను. పేరు: చిట్టి. చోటు: మధురవాడ, బాల్కనీ తలుపు దగ్గర. ఫొటో తీసిన సమయం: సాయంత్రం 4:40. గీసినవారి గడిలో నా పొడి సంతకం పెట్టాను. పరిశీలించినవారి గడి ఖాళీగా వదిలి, పెన్ను మా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ బొమ్మని ముందువైపు తిప్పి మరోసారి చూసుకుని, మళ్ళీ వెనక్కి తిప్పి సంతకం పెట్టింది.